ఇరవై మూడో నిమిషంలో తప్పు

శుభవార్త వచ్చిన క్షణాన పంతులమ్మ స్టూలు మీద నిలబడి ముందుగది కిటికీకి కొత్త కర్టెను తగిలిస్తోంది. కింద ఆమె భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, స్టూలు కదలకుండా పట్టుకునే పనికి ఒప్పుకుని, స్టూలును వదిలేసి ఆమెనే పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళై నలభై మూడు రోజులు. ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరికీ సెలవు. పన్నెండు రింగుల్లో ఏడు కడ్డీకి ఎక్కాయి, ఎనిమిదోది ఆమె పెదాల మధ్య ఉంది. అప్పుడు కిటికీ గట్టు మీది ఫోను టింగుమంది.

ఆమె వంగి ఫోను అందుకుంది. చదివింది. పెదాల మధ్య ఉన్న రింగు జారి సరిగ్గా మెకానిక్కు నెత్తి మీద పడింది. మళ్ళీ చదివింది. స్టూలు మీద నుంచి దూకిందో, అతని మీదికే దూకిందో తెలియదు గానీ, ఇద్దరూ కలిసి సోఫాలో తేలారు.

"ఏమైంది? ప్రమోషనా?"

"అంతకంటే పెద్దది. నా పాఠం తప్పట."

మెకానిక్కు ఆమె మొహంలోకి చూశాడు. మొహం చూస్తే వెలిగిపోతోంది, మాట చూస్తే అలా ఉంది. రెండూ ఒకదానికొకటి అతకలేదు. అతనికి తెలిసినంతలో, బాగుచేసిన లిఫ్టు తప్పుగా నడుస్తోందని ఫోను వస్తే ఎగిరి గంతేసిన మెకానిక్కు ఇంతవరకూ పుట్టలేదు.

అతనికి అర్థం కావాలంటే ఏడు వారాల కథ చెప్పాలి. కొంత అతనికి తెలిసిందే, అయినా ఆమె మొదటి నుంచీ చెప్పింది. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏది చెప్పుకున్నా కొత్తగానే ఉండేది.

ఆమె యూనివర్సిటీలో మొదటి సంవత్సరం వాళ్ళకు అంకెలతో ఆలోచించడం ఎలాగో నేర్పుతుంది. పేపర్లో వచ్చిన శాతాలను, ప్రకటనల్లో చెప్పే సగటులను గుడ్డిగా నమ్మకుండా, తిప్పి చూసి, గిల్లి చూసి నమ్మడం నేర్పాలి. మొత్తం నూట పన్నెండు మంది. వారానికొక పాఠం ఆమె ముందే రికార్డు చేసి పెడుతుంది, అందరూ ఎవరి వీలును బట్టి వాళ్ళు చూసుకుంటారు. తర్వాత వారానికొకసారి ఉదయం ఎనిమిదికి చర్చ. అరవై మంది గదిలో, బెంచీల మీద. యాభై రెండు మంది గోడ మీది పెద్ద తెరలో, వరసగా నల్లటి గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో నంబరు.

పేరుకు అది చర్చే. ఏడు వారాల్లో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ప్రశ్న అడగలేదు. "ఏమైనా సందేహాలా?" అని ఆమె అడిగితే గదిలోవాళ్ళు తెరను చూసేవాళ్ళు, తెర నల్లగా ఉండేది. ఒకసారి గదిలో ఒక కుర్రాడు చెయ్యి పైకెత్తితే ఆమె గుండె ఝల్లుమంది. అతను ఫ్యాను కాస్త తగ్గించమన్నాడు.

పాఠాల కింద మాత్రం మెచ్చుకోళ్ళు కుప్పలు. బొటనవేళ్ళూ చప్పట్లూ పువ్వులూ. పిల్లలు నూట పన్నెండు మందే అయినా, ఎందుకో ప్రతి పాఠానికీ చూసినవాళ్ళ లెక్క నూట పదమూడు చూపించేది. ఆ నూట పదమూడో శాల్తీ ఎవరో ఆమెకు అంతుపట్టలేదు. పాఠం ఎంత బాగున్నా, ఒక్కరు కూడా "అదెలా మేడమ్?" అని అడగకపోతే గోడకు చెప్పినట్టే కదా. ఆలోచించడం నేర్పే పాఠాన్ని నూట పన్నెండు మంది ఆలోచించకుండా మింగుతున్నారు. ఆ సంగతి తలుచుకుని రెండుసార్లు ఏడ్చింది కూడా. రెండుసార్లూ మెకానిక్కు టీ పెట్టి ఇచ్చాడు.

ఇదిగో, ఈవేళ మొట్టమొదటి ప్రశ్న వచ్చింది. అతను విననని మొండికేసినా వదలకుండా, గొంతు సవరించుకుని చదివి వినిపించింది.

"మేడమ్, నేను నలభై ఒకటో నంబరును. పరీక్షలో నాలుగో ప్రశ్నకు నాకు సున్నా వేశారు. నా లెక్కలో ఎక్కడ తప్పుందో తెలుసుకుందామని మీ ఐదో పాఠం నాలుగుసార్లు చూశాను. ఇరవై మూడో నిమిషంలో మీరు చెప్పింది నాకు తప్పనిపిస్తోంది. నాదే తప్పైతే ఎక్కడో చెప్పండి, దిద్దుకుంటాను."

"పాపం, సున్నా వచ్చిన బాధలో రాసింది," అన్నాడు మెకానిక్కు.

"ఏ బాధలో రాస్తేనేం, రాసింది కదా. చూడండి, 'తప్పనిపిస్తోంది' అంది. ఎంత ముద్దుగా ఉందో ఆ మాట."

తప్పు ఆ అమ్మాయిదేనన్న విషయంలో ఆమెకు రవ్వంత అనుమానం కూడా లేదు. అది ముఖ్యం కాదనుకుంది. ఎక్కడ పొరబడిందో బొమ్మ గీసి మరీ చెప్పాలని, కర్టెను చుట్టి వచ్చిన అట్టముక్క వెనక్కి తిప్పి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మెకానిక్కు లాప్‌టాప్‌లో ఐదో పాఠం పెట్టి ఇరవై మూడో నిమిషం దగ్గరికి జరిపాడు.

తెర మీద ఆమే. పడగ్గది గోడ ముందు నిలబడి చెబుతోంది. లైబ్రరీ బాగుందా లేదా అని విద్యార్థులను అడిగారు. పొద్దున పూట వచ్చే రెండు వందల మందిని అడిగితే నూట ఎనభై మంది బాగుందన్నారు, అంటే తొంభై శాతం. సాయంత్రం వచ్చే యాభై మందిని అడిగితే ఇరవై మందే బాగుందన్నారు, అంటే నలభై శాతం. మరి మొత్తం మీద ఎంత శాతం బాగుందన్నట్టు? ఇక్కడ తెర మీది పంతులమ్మ చూపు పక్కకు జారింది. పెదవి బిగబట్టింది. నవ్వు ఆపుకుంది. "తొంభై, నలభై కలిపి రెండుతో భాగిస్తే అరవై ఐదు," అని గబగబా అనేసి ముందుకెళ్ళిపోయింది.

నేల మీది పంతులమ్మ అట్టముక్క మీద రాయడం మొదలుపెట్టింది. అడిగింది రెండు వందల యాభై మందిని. బాగుందన్నది నూట ఎనభై, ఇరవై, వెరసి రెండు వందలు. రెండు వందల యాభైలో రెండు వందలంటే ఎనభై శాతం.

అరవై ఐదు కాదు. ఎనభై.

మళ్ళీ వేసింది. అట్టముక్క తిరగేసి, బొమ్మ ఉన్న వైపు, బొమ్మలోని అమ్మాయి నుదుటి మీద కూడా వేసింది. ఎనభై శాతమే. రెండు వందల మంది మాటనూ యాభై మంది మాటనూ ఒకే తక్కెడలో సమానంగా తూచి పారేసింది తను. ఇలా చెయ్యకూడదని రెండో పాఠంలో తనే చెప్పింది, అదీ వేలు ఆడిస్తూ.

"ఏమండీ," అంది నెమ్మదిగా. "ఆ అమ్మాయి చెప్పింది నిజం."

"మరి అప్పుడు పక్కకు చూసి నవ్వావెందుకు?"

"దీపం పట్టుకుని నిలబడ్డది ఎవరు? కళ్ళెగరేసింది ఎవరు?"

మెకానిక్కు నాలుక కరుచుకున్నాడు. ఆ పాఠం రికార్డు చేసింది పెళ్ళైన ఇరవయ్యో రోజున. అతను టేబుల్ లైటు ఎత్తి పట్టుకుని, అరగంట ఊరుకోలేక మధ్యలో కనుబొమ్మలతో ఏవో కబుర్లు చెప్పాడు. ఒక యూనివర్సిటీ పాఠంలో ఇంత పెద్ద బొక్క పడటానికి తన కనుబొమ్మలే కారణమని తెలిసి అతనికి కాస్త సిగ్గు, దానికి రెండింతలు గర్వం కలిగాయి.

వంటింటి గుమ్మంలో అత్తగారు వచ్చి నిలబడి చాలాసేపైంది. పాల కేంద్రంలో ఇరవై ఆరేళ్ళు పాలు పరీక్ష చేసి రిటైరైన మనిషి ఆవిడ. తువ్వాలు చేతుల్లో నలుపుతూ, ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు కొడుకు వంకా కోడలి వంకా చూసింది.

"ఆ లైబ్రరీ లెక్కేనా అమ్మాయ్? అది నాకూ అప్పుడే తేడాగా అనిపించింది."

పంతులమ్మ నోరు తెరుచుకుంది. ఆ నూట పదమూడో శాల్తీ ఎవరో అప్పుడు తెలిసింది. ప్రతి పాఠమూ ఆవిడ తన ఫోనులో చూస్తోందట. కొడుకే లింకు పంపాడు. అర్థమైనంత అర్థమైంది, కానిది కోడలు చెబుతోంది కదా అని విన్నది. ఇరవై మూడో నిమిషం దగ్గర మాత్రం చెయ్యి ఆగిందట. నలభై లీటర్ల క్యానులో చిక్కటి పాలు, ఐదు లీటర్ల క్యానులో పల్చటి పాలు ఉంటే, రెండూ కలిపాక వెన్న శాతం మధ్యకు రాదు, పెద్ద క్యాను వైపే మొగ్గుతుంది. ఆ సంగతి తెలియకపోతే పాల కేంద్రంలో ఒక్క రోజు కూడా నిలవలేరు.

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎలా చెప్పను తల్లీ? నువ్వు ఇంటికొచ్చి అప్పటికి మూడు వారాలు. వచ్చీ రాగానే అత్త తప్పులు పడుతోందని అనుకోవూ? పైగా టీవీలో వచ్చినట్టు వచ్చింది, కింద అన్ని పువ్వులున్నాయి. అంతమందికి తెలియంది నాకు తెలిసిందా అనుకున్నాను. నేనూ ఒక పువ్వు పెట్టాను."

మెకానిక్కు సోఫా చేతి మీద వాలిపోయి నవ్వాడు. పంతులమ్మ కూడా నవ్వింది, లేచి వెళ్ళి అత్తగారిని గట్టిగా పట్టుకుంది. ఆవిడ తువ్వాలు ఇద్దరి మధ్యా నలిగిపోయింది. ఇకమీదట తప్పు కనిపిస్తే మొహం మీదే చెప్పాలని కోడలు మాట తీసుకుంది. ఆవిడ వెంటనే మాట నిలబెట్టుకుంటూ, కర్టెను తలకిందులుగా తగిలిస్తున్నారని చెప్పింది.

నవ్వు ఆగాక పంతులమ్మకు అసలు సంగతి గుర్తొచ్చింది. పరీక్ష.

నాలుగో ప్రశ్న కూడా అచ్చం అలాంటిదే. పెద్ద హాస్టల్లో నాలుగు వందల మందిలో ఎనభై శాతం, చిన్న హాస్టల్లో వంద మందిలో ముప్పై శాతం భోజనం బాగుందన్నారు, మొత్తం మీద ఎంత? జవాబుల కాగితం ఆమె తన పాఠం చూసే తయారుచేసింది. యాభై ఐదు. నూట పదకొండు మంది యాభై ఐదు రాశారు, నూట పదకొండు మందికీ పూర్తి మార్కులు పడ్డాయి. ఒక్కరే డెబ్బై రాశారు. ఆ డెబ్బై మీద ఎర్రగా అడ్డగీత గీసి, పక్కన 'పాఠం సరిగ్గా చూడండి' అని రాసింది. ఆ పిల్ల బుద్ధిగా చూసింది. నాలుగుసార్లు.

అంతటితో అయిపోయినా బాగుండేది. గత బుధవారం ఆమె శాఖాధిపతికి ఒక అర్జీ రాసింది. తెర పద్ధతి ఎత్తేసి, నూట పన్నెండు మందినీ గదిలోకే రప్పించాలని, గదిలో కళ్ళలోకి చూస్తూ చెబితే తప్ప పిల్లలు ఆలోచించరని రెండు పేజీలు. అందరూ ఆవిడను పెద్దమేడమ్ అంటారు. అర్జీ ఆవిడకు నచ్చింది. రేపు పదకొండు గంటలకు సంతకం పెడతానంది. ఆ రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. పంతులమ్మ లాప్‌టాప్‌లో అది తెరిచి, చదవలేక భర్త వైపు తిప్పింది.

"తెర ముందు కూర్చునేవారు పాఠమే వినడం లేదు," అని మెకానిక్కు పైకి చదివాడు. "ఒక విద్యార్థిని అయితే పాఠంలో ఎక్కడా లేని జవాబును సొంతంగా కల్పించి రాసింది." లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "నలభై ఒకటేనా?"

"నలభై ఒకటే."

మొత్తం నూట పన్నెండు మందిలో ఆలోచించిన ఒకే ఒక్క మనిషిని, ఆలోచించనివాళ్ళకు ఉదాహరణగా పెట్టింది తను. పంతులమ్మ చెంపలు వేడెక్కాయి. కానీ చిత్రం, ఆ వేడిలోనే ఇందాకటి ఆనందం కూడా పొంగుతోంది. ఒకరు ఆలోచించారు. అదీ ఆ నల్లటి గడిలోంచి. అసలు ఎవరీ పిల్ల?

ఫోను చేసింది. రెండో మోతకే ఎత్తారు. పిల్ల కాదు, ఇరవై ఏడేళ్ళ మనిషి. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో, కుట్టిన వాటిని పరీక్ష చేసి మంచివీ చెడ్డవీ వేరుచేసే పని. పన్నెండో తరగతి అయ్యాక చదువు ఆగిపోయి, తొమ్మిదేళ్ళకు మళ్ళీ మొదలుపెట్టింది. తొమ్మిదింటికి డ్యూటీ. ఎనిమిదింటి చర్చ బస్సులో ఉండగా వింటుంది. కెమెరా పెడితే పక్కవాళ్ళ మొహాలు పడతాయి, మైకు పెడితే హారన్లు వినిపిస్తాయి, అందుకే ఎప్పుడూ రెండూ కట్టేసి ఉంచుతుంది. రికార్డు పాఠం మధ్యాహ్నం భోజనాల విరామంలో చూస్తుంది. అర్థం కానిచోట ఆపుతుంది, కాగితం మీద లెక్క వేసుకుంటుంది, మళ్ళీ నడిపిస్తుంది. నలభై నిమిషాల పాఠం ఆమెకు మూడు రోజులు పడుతుంది.

"ఆపగలను కాబట్టే ఈ చదువు చదవగలుగుతున్నాను మేడమ్," అంది. "స్కూల్లో టీచరును ఆపడానికి నాకు ధైర్యం ఉండేది కాదు."

నీ లెక్కే సరైనది, నాదే తప్పు అని పంతులమ్మ చెప్పింది. మరి నా మార్కులు నాకు వస్తాయా అని నలభై ఒకటి చాలా మర్యాదగా అడిగింది.

వస్తాయంది పంతులమ్మ. ఆ డెబ్బై ఎలా వచ్చిందని అడిగితే, అది ఫ్యాక్టరీలో రోజూ చేసే లెక్కేనంది నలభై ఒకటి. ఒకసారి వాళ్ళ సూపర్‌వైజరు పెద్ద లైనుదీ చిన్న లైనుదీ పాడైన చొక్కాల శాతాలు కలిపి సగం చేసి, లేని నష్టానికి అందరినీ చీవాట్లు పెట్టాడట. అప్పుడు తనే సరైన లెక్క వేసి చూసుకుంది. పరీక్షకు ముందు క్లాసు గ్రూపులో ఈ విషయం అడిగితే, మేడమ్ చెప్పినట్టు రాసెయ్, మార్కులు పడతాయి అన్నారు. గదిలో కూర్చునే ఒకమ్మాయి తనకూ అదే అనుమానం వచ్చిందని, కానీ రికార్డు చేసిన పాఠం కదా, ఎవరో ఒకరు చూసే ఉంటారని అంది.

"మరి నువ్వు కూడా యాభై ఐదు రాయొచ్చుగా?"

"చెయ్యి రాలేదు మేడమ్. చెడ్డ చొక్కా అని తెలిసీ మంచి కుప్పలో వేసినట్టుంటుంది."

పంతులమ్మ అడగాల్సింది అడిగింది. వచ్చే వారం నుంచి అందరూ గదికే రావాలంటే నీకెలా? ఎలా ఏముంది, మానేస్తాను అంది నలభై ఒకటి. బస్సు గదికి రాదు కదా అని నవ్వింది కూడా. ఆ నవ్వు వినగానే పంతులమ్మకు రేపటి పదకొండు గంటలు కళ్ళ ముందు నిలబడ్డాయి.

ఫోను పెట్టేసి గదిలో అటూ ఇటూ తిరిగింది. అర్జీ వెనక్కి తీసుకుంటే ఈ ఒక్క మనిషీ మిగులుతుంది, మిగతా నూట పదకొండు మంది యథాప్రకారం పువ్వులు పెడుతూ కూర్చుంటారు. ఉంచితే, ఆలోచించే ఆ ఒక్కరూ పోతారు. గదిలో అరవై మంది కళ్ళలోకి చూస్తూనే ఉంది, వాళ్ళూ యాభై ఐదే రాశారు. అసలు తనే ఆలోచించలేదు కదా, తన పాఠం తనే నమ్మి మార్కులు వేసింది. మరి తప్పు ఎక్కడుంది?

కర్టెన్ను సరైన వైపుకు తిప్పి మొదటి నుంచి రింగులు ఎక్కిస్తున్న మెకానిక్కు, ఇదేదో ఆమెతో అంటున్నట్టు కాకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"మా దగ్గరైతే లిఫ్టు బిగించినవాడు బాగుందని సంతకం పెట్టడానికి వీల్లేదు. రెండోవాడు పెట్టాలి. వాడు ఊరికే చూసి పెడితే కుదరదు. ఎక్కి, దిగి, తలుపు మధ్యలో చెయ్యి పెట్టి, ఏదో ఒక లోపం వెతికి రాయాలి. ఏమీ దొరకలేదని రాస్తే మా మేస్త్రీ కాగితం వెనక్కి పంపిస్తాడు, సరిగ్గా వెతకలేదని."

పంతులమ్మ నడక ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పండి."

"ఏం చెప్పను? బిగించినవాడు..."

"సంతకం పెట్టకూడదు. రెండోవాడు తప్పు వెతకాలి. వెతకడమే వాడి పని." ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "నేను సందేహాలున్నాయా అని అడుగుతున్నానండీ. ఎవరికుంటాయి? సందేహం ఉందంటే తెలియదని ఒప్పుకున్నట్టు. తప్పు వెతకమని ఎప్పుడూ అడగలేదు. అది పనిగా ఎవరికీ ఇవ్వలేదు. అత్తయ్యకు కూడా ఇవ్వలేదు."

మెకానిక్కును వెనక నుంచి వాటేసుకుని, ఎక్కించిన రింగులు సగం మళ్ళీ కింద పడేసి, శాఖాధిపతికి ఫోను చెయ్యడానికి బాల్కనీలోకి పరిగెత్తింది.

పెద్దమేడమ్‌తో మాట్లాడటం అంత సులువు కాలేదు. ఆవిడ ఆదివారం కూడా టైంటేబుల్ వేస్తోంది, నూట పన్నెండు మంది పట్టే హాలు కోసం ఇద్దరు మాస్టర్లతో గొడవపడి మరీ గెలిచింది. అంతా విన్నాక చల్లగా, అయితే బుధవారం నువ్వు రాసిందంతా అబద్ధమా అని అడిగింది. ఆలోచించడం లేదన్నది నిజమే మేడమ్, కారణమే తప్పు పట్టుకున్నానంది పంతులమ్మ. కారణం మళ్ళీ తప్పు పట్టుకోలేదని గ్యారంటీ ఏమిటంది ఆవిడ. గ్యారంటీ లేదు, అందుకే రేపటి చర్చకు మీరే వచ్చి చూడండంది పంతులమ్మ. తన నోటి నుంచి ఇంత ధైర్యం ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. బాల్కనీ తలుపు వెనక అత్తగారూ మెకానిక్కూ ఊపిరి బిగపట్టి వింటున్నారు.

చివరికి ఆవిడ ఒక షరతు పెట్టింది.

"ఎనిమిదింటికి వస్తాను. వెనక బెంచీలో కూర్చుంటాను. తెరవాళ్ళు నిజంగా పనిచేస్తున్నట్టు నా కళ్ళకు కనిపించాలి. కనిపించకపోతే పదకొండింటికి సంతకం పెడతాను, మళ్ళీ నన్నేమీ అనకూడదు."

"వెనక బెంచీలో ఊరికే కూర్చోవడానికి వీల్లేదు మేడమ్. రేపు అందరికీ పని ఉంటుంది."

పెద్దమేడమ్ నవ్విందో దగ్గిందో తెలియలేదు. ఫోను పెట్టేసింది.

సాయంత్రం దాకా ముందుగదిలో పండగే. పంతులమ్మ నేల మీద కాగితాలు పరిచింది. గదిలోవాళ్ళ నంబర్లు ఒక వరస, తెరవాళ్ళవి ఒక వరస. ఒక్కో జతలో గదిలోంచి ఒకరు, తెరలోంచి ఒకరు. అత్తగారు పాల క్యాన్లకు చీటీలు అంటించినంత శ్రద్ధగా జతలు చదివితే, మెకానిక్కు లాప్‌టాప్‌లో ఎక్కించాడు. యాభై రెండు జతలు కుదిరాయి. గదిలో ఎనిమిది మంది మిగిలితే వాళ్ళను వాళ్ళకే జతలు కట్టారు. తీరా చూస్తే పెద్దమేడమ్‌కు జత లేదు.

పంతులమ్మ పెన్ను కొరుకుతూ కాసేపు ఆలోచించింది. తర్వాత ఒక జతను విడదీసి, అందులో గదిలో కూర్చునే అమ్మాయిని మిగిలినవాళ్ళలో ఇద్దరితో కలిపి, తెర నంబరు ఒకటి ఖాళీ చేసింది. ఆ నంబరుకు మళ్ళీ ఫోను చేసి, రేపు నీకు జతగా మా శాఖాధిపతిని ఇస్తే భయపడతావా అని అడిగింది.

"ఆవిడకు లెక్కలు వచ్చా మేడమ్?" అంది నలభై ఒకటి.

వచ్చనే అనుకుంటున్నానంది పంతులమ్మ. అయితే పర్వాలేదంది నలభై ఒకటి. బస్సులో ఉంటాను, మాట్లాడలేను, రాసి పంపుతానని ఆవిడకు ముందే చెప్పమంది. ఆ మాటకు పంతులమ్మ ఇంకొక నిబంధన కూడా చేర్చింది. ఎవరూ నోటితో మాట్లాడకూడదు, జతలన్నీ రాతతోనే. గదిలో నోరున్నవాళ్ళకూ, బస్సులో నోరు మూసుకున్నవాళ్ళకూ ఒకటే కొలత.

మెకానిక్కు ఈసారి దీపం పట్టలేదు, కనుబొమ్మలు రెండూ అరచేత్తో మూసుకుని దూరంగా కూర్చున్నాడు. అత్తగారు పంతులమ్మ భుజం మీంచి తొంగి చూస్తూ, తప్పులుంటే చెబుతానని మాటిచ్చింది. పంతులమ్మ అందరికీ వెళ్ళే ప్రకటన టైపు చేసి, పంపే ముందు ఇద్దరికీ చదివి వినిపించింది.

"నూట పన్నెండు మందికీ. ఐదో పాఠం ఇరవై మూడో నిమిషంలో నేను తప్పు చెప్పాను. ఆ తప్పునే నమ్మి నాలుగో ప్రశ్నకు మీకు మార్కులు వేశాను. సరైన జవాబు రాసిన ఒక్కరికి సున్నా వేశాను. ఆ ఒక్కరి మార్కులు ఆమెకు ఇచ్చేశాను. మిగతావారికి నాలుగో ప్రశ్న మళ్ళీ ఉంటుంది. ఆ ఒక్క తప్పును నలభై ఒకటో నంబరు పట్టుకుంది. ఇప్పటిదాకా పెట్టిన ఏడు పాఠాల్లో ఇంకెన్ని తప్పులున్నాయో నాకు తెలియదు, నిజంగానే తెలియదు. రేపు ఉదయం ఎనిమిదికి గదిలో ఒకరు, తెరలో ఒకరు చొప్పున జతలుగా కూర్చుని వాటిని వెతుకుదాం. జతల జాబితా కింద ఉంది. మాట్లాడుకోవద్దు, రాసుకోండి. అర్థం కాకపోతే పాఠం ఆపండి, ఎన్నిసార్లైనా ఆపండి. ఏమీ దొరకలేదని రాసిన కాగితాన్ని వెనక్కి పంపుతాను. శాఖాధిపతి గారు కూడా రేపు మనతో కూర్చుంటున్నారు, నలభై ఒకటో నంబరుకు జతగా."